మూడో మైకు నిరాశపరిచింది

'వంద గొంతుల వీధి' అనే సంగీత చిత్రంలో మెచ్చదగిన నటనలు మూడు, నిరాశపరిచిన నటన ఒకటి ఉన్నాయని చిత్ర పరిశీలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మెచ్చదగినవి: నాయకుడు, నాయిక, నాలుగో సన్నివేశంలోని తలుపు. నిరాశపరిచినది: మూడో మైకు.

ఈ తీర్మానం నకలును రికార్డింగు స్టూడియో నోటీసు బోర్డు మీద, "కుర్చీలు ఈడ్వరాదు" అనే కాగితానికీ, "దగ్గు వచ్చువారు ముందుగా తెలుపవలెను" అనే కాగితానికీ మధ్య అంటించారు. చోటు చాలక దగ్గు కాగితాన్ని సగానికి మడిచారు. ఆ రోజు నుంచి దగ్గు వచ్చేవాళ్ళు ఏం తెలపాలో ఎవరికీ తెలియకుండా పోయింది గానీ, తీర్మానం మాత్రం అందరికీ చక్కగా కనిపించింది.

మూడో మైకు అంటే మైకు కాదు, మనిషి. ఇరవై రెండేళ్ళుగా సినిమా పాటల వెనక బృందంలో పాడుతున్న ఆవిడ. మొదటి మైకు చుట్టూ మగవాళ్ళు, రెండో మైకు చుట్టూ వయసులో ఉన్న ఆడపిల్లలు నిలబడతారు. మూడో మైకు దగ్గర ఆమె ఒక్కతే ఉంటుంది. మిగిలిన ఆడవాళ్ళు పెళ్ళిళ్ళయి, కాన్పులయి, గొంతులు పోయి ఒక్కొక్కరే మానేశారు. ఆమె మిగిలింది. స్టూడియోలో అందరూ ఆమెను మూడో మైకు అక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడ క్షేమంగానే ఉంది.

పాడే ముందు అక్క గాజులు తీసి చేతిరుమాల్లో మూటకడుతుంది. చెప్పులు గది బయటే వదులుతుంది. పాట కాగితం గలగలమనకుండా అంచుని రెండు వేళ్ళతో పట్టుకుంటుంది. ఇంత జాగ్రత్త చేసి ఆమె పాడేది "ఆ". కొన్ని పాటల్లో "ఓ". ఒక సినిమాలో "హో" కూడా పాడింది. ఇరవై రెండేళ్ళలో ఆమె పాడిన మాటలన్నీ ఒక కార్డు మీద రాస్తే, చిరునామాకి చోటు మిగులుతుంది.

చేరిన కొత్తలో బృందం మేస్త్రి ఆమెకి ఒకటే చెప్పాడు. "కోటు లోపలి అస్తరు లాంటిదమ్మా మన పాట. అది లేకపోతే కోటు నిలబడదు. అది బయటికి కనిపిస్తే కుట్టినవాడికి తిట్లు." అప్పటినుంచీ అక్క కనిపించకుండా ఉండటమే పనిగా పెట్టుకుంది. నాయకుడి గొంతు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఊపిరి అందుకుని, అతని గొంతు మళ్ళీ లేచేసరికి కిందికి దిగిపోతుంది. సినిమా చూసినవాళ్ళెవరూ ఇంతవరకూ ఆమె గొంతు విన్నామని చెప్పలేదు. అది ఆమెకు ఎంతో గర్వంగా ఉండేది.

అలాంటి మనిషి గురించి సంఘం ఇలా రాసింది: "చిత్రం అంతటా నెలకొన్న మహత్తర నిశ్శబ్దాన్ని ఒకే ఒక స్త్రీ కంఠం పదే పదే భగ్నం చేసినది. ఆ కంఠము ఎడమ వైపు వెనుక నుండి బయలుదేరి, తప్పిపోయిన పశువును పిలుచుచున్నట్లు ఆద్యంతము 'ఆ' అనుచునే ఉన్నది. ఎందుకనుచున్నదో సంఘమునకు తెలియరాలేదు."

ఎందుకంటున్నదో చెప్పాలంటే ఆ ప్రత్యేక ప్రదర్శన రోజు ఏం జరిగిందో చెప్పాలి.

సంఘంలో సభ్యులు ఏడుగురు. వారికి సినిమాను ఒక పెద్ద హాల్లో పొద్దున్న పదింటికి చూపించారు. అదే రోజు, అదే వేళకి, హాలు యజమానికి కింద వసారాలో సన్మానం జరిగింది. పాతికేళ్ళుగా ఆయన యజమానిగానే ఉంటూ వచ్చినందుకు ఆ సన్మానం. సన్మానానికి మైకు కావాలి. మైకుకి యాంప్లిఫయరు డబ్బా కావాలి. మేనేజరు తెర వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడ అయిదు డబ్బాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మధ్య డబ్బా ఎత్తడానికి వీలుగా ఉంది.

"అయిదిట్లో ఒకటి పోతే ఎవడికి తెలుస్తుంది?" అని మేనేజరు దాన్ని వసారాలోకి మోయించాడు.

సినిమా హాల్లో తెరకి సరిగ్గా నడిమధ్య ఉన్న స్పీకర్లోంచే మనుషుల గొంతులు వస్తాయి. మాటలూ, పాటలూ అన్నీ అందులోనే. వాన, తలుపు కిర్రుమనడం, వాయిద్యాలు, వెనక పాడే బృందం, ఇవి పక్క స్పీకర్లలోంచీ, వెనక గోడ స్పీకర్లలోంచీ వస్తాయి. మధ్య డబ్బా తీసేస్తే ఊరంతా ఉంటుంది, మాట్లాడేవాడు ఉండడు. పైగా మంచి కుషన్లు ఉన్నాయని సభ్యులు ఏడుగురూ చివరి వరసలో కూర్చున్నారు. వెనక ఎడమ స్పీకరు సరిగ్గా అధ్యక్షుడి నెత్తి మీద ఉంది. మూడో మైకు పాట వచ్చేది అందులోంచే.

సినిమా మొదలైంది. నాయకుడు కొండెక్కి, చేతులు చాచి, నోరు పెద్దగా తెరిచాడు. ఏమీ రాలేదు. పది నిమిషాలు గడిచాయి. నాయకుడు నోరు తెరుస్తూ మూస్తూనే ఉన్నాడు. సభ్యుల్లో అయిదుగురు అరవై దాటినవాళ్ళు. తమ చెవులకే ఏదో అయిందనుకుని, పక్కవాళ్ళకి తెలియకూడదని తలలూపారు. మిగిలిన ఇద్దరూ ఆ అయిదు తలలూ చూసి, ఇదేదో తమకందని గొప్ప సంగతి అనుకుని తామూ ఊపారు. నాయిక తల్లి చనిపోయిన చోట నాయిక గుండెలు బాదుకుంటూ నోరు తెరిచింది. వాన మాత్రం వినిపించింది. విరామంలో టీ తాగుతూ అధ్యక్షుడు చాలాసేపు కప్పులోకి చూసి, "సాహసం" అన్నాడు. మిగిలిన ఆరుగురూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. చెవులు బాగానే ఉన్నాయి.

తీర్మానం మర్నాడే వచ్చింది. "పాడగలిగి ఉండియు పాడకుండుట, నోరు తెరచియు మాటను లోపలనే నిలుపుకొనుట సామాన్య నటులకు సాధ్యము కాదు. ఎనిమిది పాటలలో ఒక్క అక్షరమైనను జారనీయని నాయకుని నిగ్రహము తరతరాలకు ఆదర్శము" అని అందులో రాశారు. నాలుగో సన్నివేశంలో కిర్రుమన్న తలుపును "మితభాషి, అయినను భావపూర్ణము" అన్నారు.

నాయకుడు ఈ సినిమా కోసం ఒక సంగీతం మాస్టారి దగ్గర ఎనిమిది నెలలు నేర్చుకుని, ఎనిమిది పాటలూ తనే పాడాడు. తీర్మానం చదివాక ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఒక గంట ఉన్నాడు. బయటికి వచ్చి, "మొదటి రోజే అనుకున్నాను, పాడకూడదని" అని విలేకరులకు చెప్పాడు. ప్రత్యేక ప్రదర్శనకు వెళితే సినిమా ఆడదనే నమ్మకంతో దర్శకుడు ఆ రోజు ఇంట్లోనే పడుకున్నాడు. ఆయన కూడా పత్రికలో "దర్శకుని అపూర్వ నిర్ణయము" అనే వాక్యం చదివాక, ఆ నిర్ణయం ఏ రోజు, ఏ కుర్చీలో కూర్చుని, ఏ రంగు చొక్కా వేసుకుని తీసుకున్నాడో గుర్తుచేసుకున్నాడు. నిర్మాత మాత్రం పనిమంతుడు. సినిమా ఆడే హాళ్ళన్నింటికీ అదే సాయంత్రం ఉత్తరువు పంపాడు: మధ్య స్పీకరు ఆపివేయవలెను. ఆపనివారికి ప్రింటు ఇవ్వబడదు.

జనం విరగబడ్డారు. కుర్రకారు వీధి మొగల్లో నిలబడి చేతులు చాచి, శబ్దం లేకుండా పాటలు పాడుకున్నారు. బడుల్లో మౌనగాన పోటీలు పెట్టారు. న్యాయనిర్ణేతల మధ్య భేదాభిప్రాయాలు వచ్చాయి, ఒక పిల్లవాడు శ్రుతి తప్పాడని. వకీళ్ళు కోర్టుల్లో ఈ పద్ధతిలో వాదించి కొన్ని కేసులు గెలిచారు. ఆఫీసుల్లో మాత్రం, అర్జీ పట్టుకుని వచ్చినవాడి ముందు నోరు తెరిచి మాట బయటికి రానివ్వకపోవడం అనేది కొత్తగా ప్రవేశపెట్టవలసిన అవసరం రాలేదు.

ఇంత ఆనందంలో ఒకే ఒక్క ముల్లు, వెనక నుంచి వచ్చే "ఆ". దాని గొంతుదారు ఎవరో తెలియజేయమని సంఘం స్టూడియోకి ఉత్తరం రాసింది. అడిగినవాళ్ళకి లేదనకుండా చెప్పడం బృందం మేస్త్రికి అలవాటు. "మూడో మైకు" అని జవాబు రాసి, అంచున రెండు సార్లు సంతకం పెట్టాడు. తీర్మానంలో ఖాళీ ఉంచిన చోట సంఘం ఆ పేరు చేర్చి, నకలు స్టూడియోకి పంపింది.

అక్క మామూలుగా తొమ్మిదింటికి వచ్చి, చెప్పులు విడిచి, గాజులు మూటకట్టుకుని నిలబడింది. మేస్త్రి హాజరు పుస్తకం తెచ్చి ఆమె పేరు పక్కన పెట్టిన చుక్కని వేలితో చూపించాడు.

"ఇదేమిటి మేస్త్రిగారూ?"

"చుక్కమ్మా."

"చుక్కేనని నాకూ కనిపిస్తోంది. ఎందుకు పెట్టారూ అంటున్నా."

"నేనా పెట్టింది? నియమం పెట్టించింది. సంఘాన్ని నిరాశపరిచినవాళ్ళని, మళ్ళీ సంఘం తృప్తిపడేదాకా పక్కన నిలబెట్టాలి. నా చేతిలో ఏముంది చెప్పు?"

"ఇరవై రెండేళ్ళుగా నా గొంతు ఎవరికైనా వినబడిందా? మీరే చెప్పండి."

"అదేనమ్మా నేనూ ఏడుస్తున్నది" అన్నాడు మేస్త్రి, నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళూ ఎంత మర్యాదగా ఉన్నావు! ఆఖరికి ఇలా బయటపడ్డావేం?"

అక్క గాజుల మూట విప్పి, ఒక్కొక్కటే చేతికి తొడుక్కుంది. గదిలో అంతమంది ఉండగా గాజులు చప్పుడు చెయ్యడం అదే మొదటిసారి.

ఆమె ఉండేది ఒక మేడ మీద, మెట్ల పక్క గది. కింది వాటాలో ఉండే టైలరు అప్పటికి సినిమా ఆరుసార్లు చూశాడు. ఆమె మెట్లెక్కుతుంటే కుట్టుమిషను ఆపి తల బయటికి పెట్టాడు.

"అక్కగారూ, ఆ అరుపు మీదేనటగా?"

"అరుపు కాదు బాబూ, పాట."

"పాటయితే పాడనే కూడదుగా అందులో! ఏమనుకోకండి, మా మరదలు కూడా అంది. అంత మంచి సినిమాలో ఆవిడెవరమ్మా, ఎవరో పొలంలోంచి పిలుస్తున్నట్టు అంది. మీరని తెలియక అందిలెండి. తెలిస్తే ఇంకోలా అనేది."

ఇంకోలా ఎలా అనేదో అక్క అడగలేదు. నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

తమ్ముడు ఆ హాల్లోనే ఆపరేటరు, సినిమా వేసేవాడు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. అక్క "ఆ" అనీ "ఓ" అనీ వాణ్ణి పెంచి, చదివించి, పెళ్ళి చేసింది. ఇంకో ఏడాది గడిస్తే వాడి ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. అక్క వెళ్ళేసరికి వాడు గదిలో ప్రొజెక్టరు పక్కన స్టూలు మీద కూర్చుని, అద్దంలోంచి హాల్లోకి చూస్తున్నాడు. అక్కని చూడగానే లేచి, స్టూలు తుడిచి, మళ్ళీ తుడిచాడు.

"కూర్చోక్కా."

"స్టూలు అరిగిపోతుంది, ఆపు. అసలేం జరిగిందిరా ఆ రోజు?"

వాడు గది తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత మొత్తం కక్కేశాడు. మధ్య డబ్బా సంగతి, వసారా సంగతి. గదిలో ప్రొజెక్టరు రొదలో హాలు చప్పుడు వినబడదనీ, చెవి స్పీకరు పాడైందని నాలుగేళ్ళ కింద పెట్టిన అర్జీ ఇంకా పరిశీలనలో ఉందనీ చెప్పాడు. మేనేజరు డబ్బా తిరిగి తెచ్చి పెట్టేదాకా తనకి తెలియదన్నాడు.

"మరి చెప్పాల్సింది కదరా!"

"ఎలా చెప్పనక్కా? పుస్తకంలో సంతకం పెట్టేశాగా."

ఆ హాల్లో ప్రతి ఆటకీ 'శబ్దం సక్రమం' అని పుస్తకంలో రాసి ఆపరేటరు సంతకం చెయ్యాలి. ఆట అయ్యాక చేస్తే మేనేజరు పక్కనుండాలి. మేనేజరు ఆట అయ్యేదాకా ఉండడు. అందుచేత ఆట మొదలుకాకముందే రాసి సంతకం చేసేయడం అక్కడి ఆచారం. సంతకం చేశాక శబ్దం సక్రమంగా లేదని తేలితే ఇంటికి పంపేస్తారు.

"ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తా అక్కా. నా వల్ల నీ నోటి దగ్గర కూడు పోయింది. ఉద్యోగం పోతే పోనీ."

"నోరు మూసుకుని కూర్చో" అంది అక్క. "ఊరంతా అదే చేస్తోంది, నువ్వూ చెయ్యి. ఈ గొంతుతో నిన్ను పెంచింది ఇంటికి పంపించుకోడానికి కాదు."

ఆమె తమ్ముడి మాట ఎత్తకుండా సంఘానికి ఒక అర్జీ రాసింది. తన పాట ఇంకొకరి పాట కింద ఉండేదనీ, ఆ పై పాట కూడా కలిపి ఒక్కసారి వినమనీ రాసింది. అర్జీలో మార్జిను చక్కగా వదిలినందుకు సంఘం ఆమెను అభినందించింది. నియమం ప్రకారం, నిరాశపరిచినవారికి యాభయ్యో రోజున పునఃపరిశీలన ఉంటుందని కూడా తెలిపింది. అదే హాల్లో, అవే కుషన్ల మీద.

యాభయ్యో రోజు మధ్యాహ్నం ఆటకి సంఘం వచ్చింది. ముఖ్య అతిథిగా నాయకుడు వచ్చాడు. జనం నిండిపోయారు. అక్కని సంఘం ముందు వరసలో కూర్చోబెట్టారు, అవసరమైతే వెనక నుంచి తట్టి అడగడానికి.

తమ్ముడు పైన గదిలో రీలు ఎక్కించాడు. తర్వాత కిందికి దిగి, తెర వెనక్కి వెళ్ళి, ఉత్తరువు ప్రకారం యాభై రోజులుగా ఊడదీసి ఉన్న తీగని మధ్య డబ్బాకి తగిలించాడు. పైకి వెళ్ళి పుస్తకంలో 'శబ్దం సక్రమం' అని రాశాడు. ఆ పుస్తకంలో ఆ మాట నిజమవడం ఎన్నాళ్ళకో.

నాయకుడు కొండెక్కి నోరు తెరిచాడు. పాట వచ్చింది.

హాలు ఉలిక్కిపడింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీరేనా పాడుతోంది?" అన్నాడొకాయన పక్కాయనతో.

"అయ్యో, నేను కాదండీ. మీరే అనుకుని ఇందాకట్నుంచీ ఓర్చుకుంటున్నా."

"ఎవడ్రా అది? నోరు ముయ్యండ్రా, సినిమా చూడనివ్వండి!" అని బాల్కనీలోంచి ఒకడు కేకేశాడు. అతనికి మంచి చప్పట్లు పడ్డాయి.

వెనక వరసలో ఒక సభ్యుడు అధ్యక్షుడి వైపు వంగాడు. "అయ్యా, ఎవరో పాడుతున్నట్టుంది..."

అధ్యక్షుడు చిరునవ్వు నవ్వాడు. "అభిమానులయ్యా. సినిమా అంతగా వాళ్ళలో ఇంకిపోయింది. నాయకుడు పాడని పాటలు కూడా వాళ్ళకి నోటికొచ్చేశాయి. ఇంతకన్నా విజయం ఏముంటుంది? రాసుకో."

సభ్యుడు రాసుకున్నాడు. నివేదిక ముందు రోజే టైపు చేసి తెచ్చుకున్నారు; మూడో మైకు అనే చోట మాత్రం ఖాళీ ఉంచారు. ఈ వాక్యం అంచున ఇరికించారు.

నాయకుడు అక్క పక్క కుర్చీలో ఉన్నాడు. కొండ మీది పాట రెండో చరణానికి వచ్చేసరికి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మూడో పాటకి పెదవులు కదిపాడు. ఎనిమిది నెలలు తెల్లవారుజామునే లేచి, మాస్టారు విసుక్కుంటే పడి, ఒక్క గమకం కోసం నలభై రోజులు తిరిగిన గొంతు అది. దాన్ని జనం మధ్య అతను వినడం ఇదే మొదలు.

"ఎవరో బాగానే పాడుతున్నాడు" అన్నాడు, అక్కకి మాత్రం వినబడేలా.

"బాగా పాడాడు బాబూ" అంది అక్క. "రెండో చరణంలో ఊపిరి నిలబెట్టావు చూడు, అక్కడ నేను నీ కిందే ఉన్నాను."

అతను తెర వైపే చూస్తూ తలూపాడు. అక్క చెవులు రిక్కించి తన గొంతు కోసం వెతికింది. ఉండాల్సిన చోట ఉంది. కోటు నిలబడింది, అస్తరు కనిపించలేదు. తమ్ముడు ఏం చేశాడో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. పై గది అద్దం వైపు తిరిగి చూడాలనుకుంది, కానీ వెనక ఏడుగురు ఉన్నారని చూడలేదు.

అధ్యక్షుడు చివరిదాకా "ఆ" కోసం కాచుకుని కూర్చున్నాడు. నెత్తి మీద స్పీకరు ఆ పాటే పాడుతున్నా, ముందు నుంచి వస్తున్న గొంతు దాన్ని కప్పేసింది. ఆట అయ్యాక ఖాళీ నింపారు: "మూడో మైకు ఆశ్చర్యకరముగా మెరుగుపడినది. ఈసారి బొత్తిగా వినబడలేదు. యాభై దినములలో ఇంతటి ప్రగతి సాధించుట అభినందనీయము. యోగ్యతాపత్రము ఇవ్వవలెను."

హాజరు పుస్తకంలో చుక్కని మేస్త్రి బ్లేడుతో గీకేశాడు. బృందంలో పిల్లల్ని పిలిచి, "చూసి నేర్చుకోండి. రెండున్నర గంటల సినిమాలో ఎక్కడా వినపడలేదంట!" అన్నాడు. పై వారం జరిగిన రికార్డింగులో బృందం అంతా శబ్దం లేకుండా నోళ్ళు తెరిచింది. మొదటి టేకే ఓకే అయింది.

యోగ్యతాపత్రం ఇచ్చే సభ కూడా ఆ హాల్లోనే, తెర ముందు వేదిక మీద పెట్టారు. మేనేజరు మైకు కావాలని ఆపరేటరుకి చీటీ పంపాడు. ఆపరేటరు మైకు పంపించాడు. చీటీలో డబ్బా అని లేదు. అతను చీటీని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

అధ్యక్షుడు లేచి, మైకు ముందు నిలబడి, నలభై నిమిషాలు మాట్లాడాడు. చెయ్యెత్తాడు, కళ్ళు మూశాడు, రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మొదటి వరసవాళ్ళకి గుసగుసలా ఏదో తెలిసింది. మిగిలినవాళ్ళకి అధ్యక్షుడు మాత్రమే కనిపించాడు. ఎవరూ కదల్లేదు. అధ్యక్షుడి కళ్ళజోడు మెరిసిన చోటల్లా చప్పట్లు కొట్టారు. విలేకరులు తలొంచుకుని ఆపకుండా రాసుకున్నారు.

వేదిక మీద నాయకుడి పక్కన కూర్చున్న అక్కకి చిట్టచివరి వరసలో ఒక ముసలావిడ కనిపించింది. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మెడ చాచి, నలభై నిమిషాలూ అలాగే ఉంది. మధ్యమధ్య పక్కనున్న ఆమెను ఏదో అడుగుతోంది. పక్కనున్న ఆమె వేలు పెదవుల మీద పెట్టి, తిరిగి చప్పట్లు కొడుతోంది.

అధ్యక్షుడు కూర్చున్నాడు. అక్కకి పత్రం ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. మేస్త్రి కింద నుంచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతూ, ఏమీ అనకుండా నోరు మాత్రం కదిపి వచ్చెయ్యమని సైగ చేశాడు. చుక్క గీకిన చోట కాగితం ఇంకా పలచగానే ఉంది.

అక్క మైకు చూసింది. దాని ఎర్రదీపం వెలగడం లేదు. ఇరవై రెండేళ్ళు మైకు ముందు నిలబడిన మనిషికి, చచ్చిన మైకు ముందు నిలబడటం చేతకాలేదు. దాన్ని కాస్త పక్కకి జరిపింది. తర్వాత, గుండెల నిండా ఊపిరి తీసుకుని, గోడకి తగిలేలా సొంత గొంతుతో అంది:

"మైకు పనిచెయ్యడం లేదండీ. ఇందాకట్నుంచీ ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు. సినిమాలో కూడా అంతే. ఈ బాబు ఎనిమిది పాటలూ పాడాడు. మీరెవరూ వినలేదు."

నాయకుడు తలొంచుకుని, చేతి గడియారానికి తాళం ఇచ్చుకున్నాడు. అది తాళం అక్కర్లేని గడియారం. చివరి వరసలో ముసలావిడ చెవి మీది చెయ్యి తీసేసి, "హమ్మయ్య" అంది. అధ్యక్షుడు పక్క సభ్యుడి వైపు ఒరిగి, చాలా బాధగా, "ఇప్పుడిప్పుడే బాగుపడిందనుకున్నాం" అన్నాడు.

ఆ మర్నాడు స్టూడియో నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పడింది. ఈసారి కుర్చీల కాగితాన్ని మడిచారు. హాజరు పుస్తకంలో పలచబడిన చోట చుక్క పెడితే చిరుగుతుందని, మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ పేరే కొట్టేశాడు.

పత్రికలన్నీ అధ్యక్షుడి ప్రసంగాన్ని పూర్తిపాఠంగా అచ్చువేశాయి. ఏ రెండు పత్రికల్లోనూ అది ఒకలా లేదు గానీ, ప్రతి దాంట్లోనూ చాలా బాగుంది. కింద చిన్న అక్షరాల్లో, "సభలో నిరాశపరిచినది ఒక్కటే, మూడో మైకు" అని వేశారు. ఆ పత్రిక మీరూ చదివే ఉంటారు. ప్రసంగంలో మంచి వాక్యాలు ఇంట్లోవాళ్ళకి వినిపించే ఉంటారు. ఆ చివరి వరసలోని ముసలావిడ ఒకవేళ మీ ఇంటి మనిషే అయితే, సభలో ఏం వినబడిందని ఒక్కసారి అడగండి. మూడో మైకు అక్క అన్న ఆ ఒక్క మాటే ఆవిడ చెబుతుంది. పేపర్లో అలా లేదే అని మీరంటారు.